లైసెన్సు వచ్చేలోగా...

"ఇంకా రాలేదా?" అని అడుగుతున్నారు అందరూ, కొడుకు వీసా సంగతో కూతురి పెళ్ళిసంబంధం సంగతో అడిగినట్టు. రాలేదు. రివాల్వరు లైసెన్సుకు దరఖాస్తు పెట్టి ఎనిమిది నెలలు దాటింది. ఆఫీసుల ఆలస్యం గురించి రాయాలంటే ఈ పేజీ చాలదు కాబట్టి దాన్ని అలా ఉంచుదాం. ఈ ఎనిమిది నెలలూ నేను ఊరికే కూర్చోలేదు. తుపాకి వస్తే ఎక్కడ పెట్టుకోవాలి, ఎలా మోయాలి, ఎప్పుడు ముట్టుకోకూడదు అని ఒక్కొక్కటే తేల్చుకుంటూ వచ్చాను. తేలిన సంగతుల్లో కొన్ని ఇలాంటి ఆలోచనలో ఉన్న అక్కచెల్లెళ్ళకు పనికొస్తాయి. మిగతావి అధికారుల చెవిన వేయాల్సినవి.

మాది సూర్యాపేట దాటాక హైవే మీద పెట్రోలు బంకు. మా వారు పోయి నాలుగేళ్ళు. అప్పట్నుంచీ లెక్కలూ నేనే, బ్యాంకుకు వెళ్ళేదీ నేనే. కార్లవాళ్ళు, బైకులవాళ్ళు ఫోనుతోనే కట్టేస్తున్నారు గానీ, లారీల డీజిలు, వరికోత మిషన్ల డీజిలు ఇంకా చాలావరకు నోట్ల మీదే నడుస్తుంది. రెండో శనివారం, ఆదివారం, ఆపైన ఒక పండగ కలిసొచ్చిందంటే మూడు రోజుల డబ్బు మన నెత్తిమీద ఉన్నట్టే. పోయినేడాది అలాంటి సెలవుల తర్వాత బ్యాంకుకు బయల్దేరితే రెండు బైకులు బంకు దగ్గర్నుంచి టోల్‌గేటు దాకా నా కారు వెంటే వచ్చాయి. నేను ఆగితే ఆగాయి, కదిలితే కదిలాయి. ఫిర్యాదు ఇచ్చాను. ఆ మర్నాడే దరఖాస్తు కూడా పెట్టాను.

ఆడదానికి తుపాకేమిటి అన్నవాళ్ళు సగంమంది. ప్రతి ఆడపిల్లకూ ఒక తుపాకి ఇవ్వాలి, అప్పుడుగానీ ఈ మగాళ్ళకు బుద్ధిరాదు అన్నవాళ్ళు సగంమంది. ఈ రెండో మాట కొత్తదేం కాదు. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత 2014 జనవరిలో కాన్పూరు ఆయుధ కర్మాగారం ఆడవాళ్ళ కోసమంటూ 'నిర్భీక్' అనే .32 రివాల్వరును విడుదల చేసింది. బరువు అరకిలో. ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. రాత్రి షిఫ్టు ముగించుకుని సిటీ బస్సు కోసం నిలబడే అమ్మాయి లక్షా ఇరవై రెండు వేలు ఎక్కడ్నుంచి తెస్తుందని అప్పట్లోనే చాలామంది అడిగారు. నాకు కొనే స్తోమతు ఉంది, నా భయానికి కారణమూ ఉంది. అంతమాత్రాన నా జవాబే అందరి జవాబూ అని నేననను.

ఇక తుపాకి మోయడం సంగతి. సినిమాల్లో హీరో ప్యాంటు వెనక దోపుకుంటాడు. చీర కట్టుకున్న మనిషి ఎక్కడ దోపుకోవాలి? నడుముకు బెల్టు లేదు. కుచ్చిళ్ళ దగ్గర పెడితే కూర్చోలేం. "హ్యాండ్‌బ్యాగులో వేసుకోండి మేడం" అని సులువుగా చెప్పేస్తారు. సరే, అదీ చూద్దామని కిరాణా కొట్టు నుంచి అరకిలో తూకం రాయి ఒకటి తెచ్చి, గుడ్డ చుట్టి బ్యాగులో వేసుకున్నాను. నలభై రోజులు దాంతోనే తిరిగాను. బ్యాగు నా ఒంటి నుంచి ఎప్పుడు వేరవుతుందో ఆ వేళా, ఆ చోటూ బంకు డైరీలోనే చివరి పేజీల్లో రాసుకున్నాను.

ఆ పేజీలు చూస్తే మీకే అర్థమవుతుంది. గుళ్ళో దర్శనానికి వెళ్తే బ్యాగు కౌంటర్లో ఇవ్వాలి. ఆసుపత్రిలో స్కానింగుకు పిలిస్తే గది బయట ఎవరికైనా ఇచ్చి వెళ్ళాలి. బట్టల షాపులో గేటు దగ్గరే టోకెను ఇచ్చి తీసేసుకుంటారు. పెళ్ళికి వెళ్తే అక్షింతలు వేయడానికి రెండు చేతులూ కావాలి, బ్యాగు పక్కావిడ ఒళ్ళోకి పోతుంది. ఇక చుట్టాలింట్లో అయితే పిల్లలు "పెద్దమ్మా, చాక్లెట్ తెచ్చావా?" అంటూ నేరుగా అందులోనే చెయ్యి పెట్టేస్తారు. అన్నిటికీ మించి, దొంగ ముందుగా లాక్కునేదే బ్యాగు. అంటే నా ప్రాణానికి కాపలా అనుకున్నదాన్ని నేనే వాడి చేతికి అందించినట్టు!

అందుకని దర్జీ దగ్గరికి వెళ్ళి పొడుగు కమీజు లోపల నడుముకు కట్టుకునేలా మందపాటి పట్టీ, దానికి మూత ఉన్న తోలు ఒర కుట్టించుకున్నాను. చీర రోజుల్లో తుపాకి లేదు, అంతే. బ్యాంకుకు డబ్బు తీసుకెళ్ళే రోజున కమీజు, మిగతా రోజుల్లో అది లాకర్లో. ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్న ఆలోచన ఆ తూకం రాయితోనే తీరిపోయింది. లైసెన్సు వచ్చినంత మాత్రాన ఎక్కడికి పడితే అక్కడికి తీసుకెళ్ళడమూ కుదరదు. విమానంలో చేతిసంచీలో పెట్టనివ్వరు, కోర్టు గేటు దాటనివ్వరు. ఎన్నికలొస్తే తీసుకెళ్ళి పోలీస్ స్టేషనులో అప్పజెప్పమంటారు. ఎన్నికల రోజుల్లో దొంగలకు సెలవులా అని మా బంకు కుర్రాడొకడు అడిగాడు. నవ్వొచ్చింది గానీ, ఆ నియమం మంచిదే.

కాల్చడం నేర్చుకోవడం గురించి ఎక్కువ రాయను. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం భద్రతా శిక్షణ తీసుకోవాలి, తీసుకున్నాను. తుపాకి ఖాళీగా ఉందని తెలిసినా నిండుగా ఉన్నట్టే చూడాలి, కాల్చదలుచుకోనిదాని వైపు గొట్టం తిప్పకూడదు, గురి పెట్టేదాకా వేలు ట్రిగ్గరు మీద పెట్టకూడదు. తరవాత హైదరాబాదులో ఒక రేంజిలో ఎయిర్ పిస్టల్‌తో పది మీటర్ల దూరం నుంచి కాగితం మీద కాల్చాను. కాగితం కదలదు, మన వెనక పిల్లలు ఏడవరు, మన చేతులు వణకవు. ఆ తేడా గుర్తుంటే చాలు.

చట్టం మాత్రం అందరూ చదవాలి. కొంటున్నవాళ్ళే కాదు, కొననివాళ్ళు కూడా. 2024 జులై 1 నుంచి పాత పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. ప్రాణం పోతుందన్న భయం, తీవ్ర గాయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి - ఇలాంటప్పుడు ఎదుటివాడి ప్రాణం పోయినా అది ఆత్మరక్షణే అవుతుంది. దోపిడీకి, రాత్రివేళ తలుపు పగలగొట్టి ఇంట్లో దూరడానికీ అలాగే. కానీ అవసరానికి మించి హాని చేసే హక్కు లేదు, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు అసలే లేదు. మెడలో గొలుసు తెంపుకుని బైకు మీద పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే? "గొలుసు పోయినందుకు మీరు ఫిర్యాదుదారు, కాల్చినందుకు మీరే ముద్దాయి" అన్నారు మా వకీలు గారు. ఐదు తులాల పుస్తెలతాడు మీద ఒట్టు, ఈ మాట విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇంటి సంగతి వేరు. దీన్ని ఏ శిక్షకుడూ చెప్పలేదు, మా అత్తమ్మ చెప్పింది. దరఖాస్తు పెట్టిన రోజు ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "పగలంతా అది నీదేలే బిడ్డా, రాత్రి నువ్వు నిద్రపోయినంక ఎవరిది?"

మా ఇంట్లో ఇంటర్ రెండో సంవత్సరం చదివే కొడుకున్నాడు. పండక్కి పండక్కి వచ్చి నాలుగు రోజులుండే మరిది ఉన్నాడు. మంచివాడే, తాగనంతసేపు. "బాబు పెళ్ళి బరాత్‌లో ఒక్కసారి గాల్లోకి పేలుద్దాం వదినా" అని ఇప్పుడే మొదలుపెట్టాడు. 2019లో చట్టం మార్చారనీ, అలా సరదాకు కాల్చి ఎవరినైనా ప్రమాదంలో పెడితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా అనీ చెప్పాను. లైసెన్సు నా పేరు మీద ఉన్న ఆయుధం ఇంకొకరి చేతికి పోవడమే నేరమని కూడా చెప్పాను. "సరదాకన్నాను లెండి" అన్నాడు. నాకు సరదాగా అనిపించలేదు.

కొడుకు సంగతి రాయాలంటే చెయ్యి ఆడటం లేదు, అయినా రాస్తాను. పరీక్షల ఫలితాలు వచ్చే వారం మన రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్ళు ఊపిరి బిగబట్టుకుని ఉంటాయో మీకు తెలుసు. పురుగుల మందు డబ్బా ఇంట్లో ఉండటానికీ, లేకపోవడానికీ ఉన్న తేడా మన పల్లెటూళ్ళలో ఏ తల్లినడిగినా చెబుతుంది. క్షణికావేశం గంటసేపట్లో దాటిపోయేదే, చేతికందేది దగ్గర్లో లేకపోతే. అందుకని గోడలో బిగించిన ఉక్కు లాకరు పెట్టించాను. తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం, వేరే గది. తాళాలు బీరువాలో కాదు, నా ఒంటి మీద. ఇంతా చేసి కూడా ఫలితాల వారంలో తుపాకి మా ఇంట్లో ఉండకూడదని నిర్ణయించుకున్నాను. లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో భద్రపరిచే వీలుంది. ఆ వారం బ్యాంకుకు ఎలా వెళ్ళాలో ఆలోచించుకుంటాను.

ఇదంతా నా పిరికితనం అనుకునేవాళ్ళ కోసం ఒక లెక్క. 1993లో అమెరికాలో ఆర్థర్ కెల్లర్‌మన్ అనే వైద్యుడి బృందం ఇళ్ళలో జరిగిన హత్యల మీద చేసిన అధ్యయనాన్ని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించింది. తుపాకి ఉన్న ఇంట్లో హత్య జరిగే ప్రమాదం లేని ఇంటికంటే 2.7 రెట్లు ఎక్కువగా కనిపించింది. పైగా ఆ అదనపు ప్రమాదమంతా దాదాపుగా ఇంటివాళ్ళ నుంచీ, దగ్గరివాళ్ళ నుంచే. ఆ అధ్యయనాన్ని తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు. కానీ ఆడదాని మీద చెయ్యి పడేది ఎక్కువగా ఎక్కడో మనకు అమెరికా డాక్టర్లు చెప్పాలా?

అసలు నేను కలం పట్టింది ఈ మాట కోసమే. విచారణకు వచ్చినవాళ్ళు నన్ను చాలా అడిగారు. కేసులున్నాయా, ఆస్తి ఎంత, ఎవరితో తగాదా. "ఇంట్లో మగదిక్కు లేదా, ఆయన పేరు మీద పెట్టకపోయారా?" అని కూడా ఒకాయన అడిగాడు. పక్కింటివాళ్ళను పిలిచి నా నడవడి కనుక్కున్నారు. కానీ లోపల వంటింటి గడపలో నిలబడ్డ మా అత్తమ్మను ఒక్కరూ పలకరించలేదు. ఈ తుపాకితో ఒకే కప్పు కింద పడుకోబోయే మనిషి ఆవిడ. నా విషయంలో పోనీ, నష్టం లేదు. రేపు ఒక మగాయన దరఖాస్తు పెడతాడు. రాత్రిళ్ళు తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టే మనిషని వీధి అంతటికీ తెలిసినా, స్టేషనులో కేసు లేదు కాబట్టి కాగితం మీద ఆయన సచ్ఛీలుడు. ఆమెను ఎవరు అడుగుతారు?

కెనడాలో అడుగుతారు. అక్కడ తుపాకి లైసెన్సు దరఖాస్తులో భార్య లేదా భర్త సంతకం కోసం చోటుంటుంది. రెండేళ్ళలోపు విడిపోయినవాళ్ళ వివరాలు కూడా రాయాలి. సంతకం లేకపోతే అధికారులు వాళ్ళకు కబురు చేస్తారు. మొదటిసారి అడిగేవాళ్ళు ఎలాగూ కనీసం 28 రోజులు ఆగాలి. మనకు మాత్రం ఇందులో కష్టమేముంది? విచారణకు ఒక మహిళా కానిస్టేబులును పంపి, ఇంట్లో ఆడవాళ్ళను వేరుగా, మగవాళ్ళు వినకుండా ఐదు నిమిషాలు అడిగిస్తే చాలు. ఐదేళ్ళు చెల్లే లైసెన్సుకు ఐదు నిమిషాలు. ఆమె ఏం చెప్పిందన్నది మాత్రం బయటికి పొక్కకూడదు. పొక్కితే అడగకపోవడమే మేలు.

ఈలోగా నేను చేసుకున్నది ఇంకోటుంది. బ్యాంకుకు వెళ్ళే వేళ రోజూ మారుస్తున్నాను. దారి మారుస్తున్నాను. బంకులో సీసీ కెమెరాలు పెంచాను. పెద్ద సెలవుల ముందు నగదు తీసుకెళ్ళే వ్యాను పిలిపిస్తున్నాను, ఖర్చయినా సరే. లారీ ఓనర్లను ఒక్కొక్కరినీ బతిమాలి ఖాతాలోకే కట్టించుకుంటున్నాను. దాంతో నేను స్వయంగా డబ్బు మోయాల్సిన రోజులు వారానికి ఐదు నుంచి రెండుకు దిగాయి. ఆ రెండు రోజుల కోసమే ఈ లైసెన్సు. ఒక్క రోజుకు దిగితే దరఖాస్తు వెనక్కి తీసుకోవాలా అని కూడా ఆలోచిస్తున్నాను. ఇంకా తేలలేదు.

పోయిన సోమవారం కలెక్టరేటుకు వెళ్ళి నా ఫైలుకు ఒక కాగితం జతచేయమని ఇచ్చాను. తుపాకి ఎక్కడ ఉంటుందో, తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో తనకు తెలుసనీ, మనవడి పరీక్షా ఫలితాలప్పుడు అది ఇంట్లో ఉండకూడదన్న షరతు మీద ఒప్పుకుంటున్నాననీ మా అత్తమ్మ చెప్పగా రాసి, ఆవిడ చేత సంతకం పెట్టించిన కాగితం. గుమస్తా గారు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇలాంటి కాలమ్ మా దగ్గర లేదమ్మా" అన్నారు. కాలమ్ వచ్చేదాకా ఫైల్లో ఉండనివ్వండని చెప్పి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను.