తెల్వకపోతే తెల్వదని చెప్పి అమ్మున్రి

హైదరాబాద్ కోఠిల గుజరాతీ గల్లీ అంటే ఎలక్ట్రానిక్ ప్రాజెక్టులు చేసే పోరగాళ్లకు అడ్డా. అసొంటి పోరగాళ్ల కోసం కంపెనీల కాడ మిగిలినయ్, ఏ నంబరో తెల్వని ట్రాన్సిస్టర్లు, చిప్పులు కలిపి కవర్లల్ల పోసి అగ్గువకు అమ్ముడు కొత్త ముచ్చటేం గాదు. అమెరికాల పాలీ ప్యాక్స్ కంపెనీ 1970లల్లనే టెస్ట్ చెయ్యని పార్టులను ప్యాకెట్ల లెక్కన అమ్మింది.

గీ యాపారంల తప్పు లేదు. "చెక్ చెయ్యలేదు" అని చెప్పి అమ్మితే, కొన్నోడు మల్టీమీటర్ వట్టి ఏది డయోడో, ఏది ట్రాన్సిస్టరో తేల్చుకుంటడు. పని నేర్చుకుంటడు. సామాను చెత్తల పడకుంట ఉంటది.

లొల్లి యాడంటే, పాత నంబరు గీకి కొత్త నంబరు అచ్చేసి అమ్ముడు కాడ. అమెరికా మిలటరీ సామాన్లల్ల నకిలీవని అనుమానమున్న పార్టులు పది లక్షలకు పైనే ఉన్నయని అక్కడి సెనేట్ కమిటీ 2012ల రిపోర్టిచ్చింది. అంత పెద్ద మిలటరీకే టోపీ వెడితే, ఊరికెంచి బస్సెక్కి వచ్చిన డిప్లొమా పోరని గతేంది? చిప్పు దొంగదని ఆనికి తెల్వది. సర్క్యూట్ తనే తప్పు కట్టిన అనుకుంటడు. "నాకు ఈ సదువు రాదు" అని వదిలేస్తడు. పైసల కంటే గదే పెద్ద నష్టం.

అందుకే దుకాణపోళ్లు కవర్ మీద "చెక్ చెయ్యనివి" అని తెలుగుల రాయాలె. తమ్ముళ్లు, చెల్లెండ్లు సుత గుర్తు తెల్వని పార్టులను చిన్న బ్యాటరీ సర్క్యూట్లకే వాడాలె. బోరు మోటరు స్టార్టర్ల, ఛార్జర్ల అస్సలు పెట్టొద్దు. అగ్గువ కెపాసిటర్ పేలితే కన్ను పోతది.