మన తిండిని మన పేరుతోనే పెడదాం

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఏం చేద్దామని గ్రూపులో అడగతా ఉన్నారు. ర్యాలీ, డాన్సులు, ఫ్లెక్సీలు అన్నీ చెప్పారు. గూడూరు హాస్టల్ పిల్లలం మేము ఇంకోటి చెప్తున్నాం. ఈసారి మన ఇళ్లలో వండుకునే తిండి పెడదాం. నత్తల కూర, ఎండ్రకాయల పులుసు, అడివి గడ్డలు, పులిసిన గంజి. పేరు మార్చకుండా, దాచకుండా పెడదాం.

ఈ ఆలోచన ఎట్లా వచ్చిందో చెప్తాం. మా హాస్టల్లో ఉండి చదువుకున్న అన్న ఒకాయన శ్రీసిటీలో పనికి చేరాడు. మొదటి జీతం రాగానే మమ్మల్ని నలుగుర్ని రైలెక్కించి చెన్నై తీసుకుపోయాడు. బిర్యానీ అనుకున్నాం. ఆయన ఇథియోపియా వంటలు పెట్టే హోటల్‌కి తీసుకెళ్లాడు. "బిర్యానీ యాడైనా దొరుకుద్ది, ఇది తినండ్రా" అన్నాడు.

ఐదుగురికీ కలిపి పెద్ద గుండ్రటి పళ్లెం ఒకటే వచ్చింది. పళ్లెం నిండా ఇంజెరా అనే మెత్తటి దోసె లాంటిది పరిచి, దాని మీదే కూరలు కుప్పలుగా పెట్టారు. మసూర్ పప్పు కూర, శనగపిండితో చేసే షిరో, ఉడికిన గుడ్డు వేసిన కోడికూర. బెర్బెరే అనే వాళ్ల కారప్పొడి మన కారానికేం తీసిపోదు. స్పూన్లు లేవు. ఇంజెరా ముక్క తుంచి, దాంతోనే కూర పట్టుకుని తినాలి. టెఫ్ అనే గింజ గసగసాలంత ఉంటుంది. ఆ పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, పెనం మీద ఒక పక్కే కాలుస్తారు. మొదటి ముక్కకి మాలో ఒకడు మొహం ముడుచుకున్నాడు. రెండో ముక్కకి "ఇది మా అవ్వ తరవాణి పులుపే గదరా" అన్నాడు. ముద్ద చుట్టి పక్కనోళ్ల నోట్లో పెట్టడం వాళ్ల మర్యాద, దాన్ని గుర్షా అంటారు. మనం గోరుముద్దలు చంటిబిడ్డలకే పెడతాం. వాళ్లు ఇంటికొచ్చిన చుట్టానికీ పెడతారు.

చుట్టూ ఉన్నోళ్లు ఫొటోలు తీసుకుంటా, "ఆథెంటిక్" అనుకుంటా తింటున్నారు. చేత్తో తినడం, ఒకే పళ్లెంలో తినడం, పులిసిన పిండి. ఈ మూడూ మన గుడిసెలో కనపడితే అదే జనం నాగరికత లేదంటారు. మాలో ఒకడిని బళ్లో పేరు పెట్టి పిలవలా, "ఎలకలోడా" అనే పిలిచారు. తేడా తిండిలో లేదు. ఎవరు తింటున్నారు, ఎంత రేటు పెట్టారు అన్నదాంట్లో ఉంది.

ఇథియోపియావాళ్లకు కూడా ఈ గౌరవం ఊరికే రాలేదు. 1974లో రాజు పోయి సైనిక పాలన వచ్చాక చాలామంది దేశం విడిచి వాషింగ్టన్ లాంటి ఊళ్లకు చేరారు. 1984-85 కరువు నాటికి లోకానికి ఇథియోపియా అంటే ఎముకల గూడులాంటి పిల్లల ఫొటోలే. ఆ రోజుల్లోనే వాళ్లు పరాయి ఊళ్లలో హోటళ్లు పెట్టుకున్నారు. ఇంజెరాని ఇంజెరా అనే అమ్మారు, ఒకే పళ్లెంలోనే పెట్టారు. ఆకలికి గుర్తుగా చూసిన జనం చేతి వంటకు ఇప్పుడు లోకం డబ్బులిచ్చి వస్తా ఉంది.

మనం పేరు పెట్టకపోతే ఇంకొకరు పెట్టుకుంటారు. తరతరాలుగా ఇథియోపియా రైతులు తినే టెఫ్ పిండి మీద నెదర్లాండ్స్ కంపెనీ ఒకటి పేటెంటు తీసుకుంది. 2018లో హేగ్ కోర్టు అది చెల్లదని తీర్పిచ్చింది. మన దగ్గర మంచి ఉదాహరణ కూడా ఉంది. కాఫీ పుట్టిందే ఇథియోపియాలో. అరకులో దాన్ని పండించేది మన ఆదివాసీలు. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే షాపు తెరిచారు, 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి పేరు నిలబడింది.

కొందరన్నలు అంటారు, మనకు కావాల్సింది సీట్లు, ఉద్యోగాలు, పట్టాలు, తిండి గోల ఎందుకని. అవే ముందు, కాదనం. కానీ హాస్టల్ పిల్లోడు చదువు మధ్యలో ఆపి ఇంటికి పోయేది ప్రతిసారీ పుస్తకం బరువై కాదు. మాట బరువై కూడా పోతాడు.

ఇంకో తొందర కూడా ఉంది. 1969లో రాకెట్ల కోసం శ్రీహరికోటను ఎంచుకున్నాక చాలా యానాది కుటుంబాలు ఆ దీవి వదలాల్సి వచ్చింది. ఆ అడివిలో ఏ గడ్డ ఎప్పుడు తవ్వాలో, ఏది చేదు పోయేదాకా ఉడకబెట్టాలో తెలిసినోళ్లు ఇప్పుడు ముసలోళ్లు. అవ్వతో పాటు ఆ చదువూ పోతుంది. మనం డిగ్రీ దాకా వచ్చింది రాయడం నేర్చుకునే కదా, ఇది కూడా రాద్దాం.

అందుకని మూడు మాటలు. ఒకటి, ఈసారి ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరు ఒక వంట అడిగి రాసుకురండి. ఏ నెలలో దొరుకుద్ది, ఎట్లా కడగాలి, ఏది తినకూడదు, అన్నీ రాయండి. చెప్పినోళ్ల పేరు, ఊరి పేరు రాయడం మర్చిపోవద్దు. రెండు, ఉడుము లాంటివి చట్టం ఒప్పుకోదు, అవి వద్దు. మూడు, యూట్యూబోళ్లు వచ్చి "వింత తిండి" అని వీడియో తీస్తామంటే కుదరదని చెప్దాం. వండేది మనం, వడ్డించేది మనం, మాట్లాడేది మనం.

బోర్డు మీద "ట్రైబల్ ఫుడ్" అని ఒక్క ముక్కలో రాయొద్దు. యానాదుల నత్తల కూర, ఎరుకలోళ్ల పందికూర, సుగాలీల జొన్నరొట్టె అని, దేనిది దానికే రాద్దాం.