పులి కోసం ఊరు లేవాలె సరే.. మరి మన గుడారం ఎందుకు దిగాలె?

శ్రీశైలం రోడ్డు మా చాంద్రాయణగుట్ట మీదికెల్లే పోతది. పహాడీషరీఫ్, తుక్కుగూడ, కడ్తాల్, డిండి దాటినంక సుమారు 130 కిలోమీటర్లకు మన్ననూరు చెక్‌పోస్టు. ఆడికెల్లి అమ్రాబాద్ పులుల అడవి. శనారం వచ్చిందంటే బండ్ల ఎనుక టెంట్లు కట్టుకొని పోయే పోరగాళ్లు గీ రోడ్డు మీద మస్తుగ కనవడ్తరు. "అన్నా, అడవిల పండాలంటే యాడ దొరుకుతది?" అని నన్ను అడిగెటోళ్లు సుత ఎక్కువైన్రు.

ముందుగాల గా ముచ్చటే చెప్పుకుందాం. అడవి లోపల ఇష్టమొచ్చిన కాడ టెంటేసుడు కుదరది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం పర్మిషన్ లేకుంట లోపలికి పోవుడే తప్పు. అడవి నడుమ రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాకా బండ్లు బంద్. ఎందుకంటే రాత్రి ఆ తొవ్వ జంతువులది. పండాలంటే మన్ననూరు కాడ అటవీశాఖ కాటేజీలు, మట్టి ఇండ్లు, చెట్టు మీది ఇల్లు ఉన్నయి. 2021 నవంబర్‌ల సఫారీ, రాత్రి బస కలిపి ప్యాకేజీ మొదలువెట్టిన్రు. చెంచు పిల్లగాళ్లే గైడ్లు. వానకాలం, జులై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీ ఉండది. కృష్ణ ఒడ్డున ఉండాలనుకుంటే కొల్లాపూర్ దిక్కు సోమశిల ఉన్నది.

గిది సులువైన జవాబు. అసలు ముచ్చట గిప్పుడు.

అమ్రాబాద్ అడవి మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు. అండ్ల 2,166 కోర్ ఏరియా, అంటే పులికే వదిలేయాలన్న జాగ. గా కోర్ల ఉన్న సార్లపల్లి, కుడిచింతలబైలు, వటవర్లపల్లి అసొంటి ఊర్లను బయటికి పంపాలని సర్కారు ఏండ్ల సంది ఫైళ్లు కదుపుతున్నది. కుటుంబానికి 15 లక్షలు, లేకుంటే భూమి, ఇల్లు. కొందరు పోతమంటున్నరు. బడి, దవాఖాన, సాగు భూమి కావాలని ఎవలికుండది? పోతమన్నోళ్లను ఆపుడు న్యాయం కాదు. కని పోమన్నోళ్లకు 2006 అటవీ హక్కుల చట్టం అండగ ఉన్నది. ముందుగాల హక్కు పత్రాలియ్యాలె, కలిసి బతికే దారి ఉన్నదా లేదా చూడాలె, గ్రామసభ ఒప్పుకోవాలె. ఆ తర్వాతనే తరలింపు.

తరాల సంది తేనె తీసి, గడ్డలు తవ్వి బతికిన చెంచోళ్లతోటి పులికి ఇబ్బందైతే, పట్నం నుంచి స్పీకర్లు పట్టుకొని దిగేటోళ్లతోటి కాదా? గీ ప్రశ్నకు జవాబు చెప్పకుంట ఎన్ని కాటేజీలు కట్టినా అది అన్యాయమే అంటున్న నేను.

రూల్సు లేక కాదు. 2012ల జాతీయ పులుల సంరక్షణ సంస్థ చెప్పింది: కోర్ల 20 శాతం మించి టూరిస్టులను తిప్పొద్దు, కొత్త కట్టడాలు కట్టొద్దు, ఆదాయంల స్థానికులకు వాటా ఉండాలె. గవి కాయితం మీద ఉంటే చాలదు.

లెక్క తప్పితే ఏమైతదో రాజస్థాన్‌ల కనవడ్తది. జైసల్మేర్ కాడ ఎడారి జాతీయ పార్కును ఆనుకొని, సమ్ ఇసుక దిబ్బల మీద వరుసగ టెంట్ల రిసార్టులు. రాత్రైతే లైట్లు, పాటలు. బట్టమేక పిట్టకు దేశంల మిగిలిన పెద్ద దిక్కు గా ఎడారే. గా పిట్టకు కరెంటు తీగలు, మాయమైతున్న గడ్డిభూములే పెద్ద గండం. అండ్లకు టూరిస్టుల లొల్లి తోడైతున్నది. మన కర్నూలు దిక్కు రోళ్లపాడు అభయారణ్యం గా పిట్ట కోసమే పెట్టిన్రు. ఇయ్యాల ఆడ గా పిట్టనే కనవడ్తలేదు.

మనకు దారి మన అడవిలనే ఉన్నది. సలేశ్వరం లింగమయ్య జాతర చూడున్రి. చైత్ర పున్నమి చుట్టూ కొన్ని దినాలే తొవ్వ తెరుస్తరు. పూజ చేసేది చెంచులే. జనం ఇడిసిపెట్టే ప్లాస్టిక్ సంగతి వేరే తిట్టాలె గని, పద్ధతైతే మంచిది: దినాలకు లెక్క, ఆడోళ్లకే పెద్దరికం.

అడవిల బసకు సుత గదే పద్ధతి కావాలె. ఎంతమంది రావాల్నో గ్రామసభ మాట చెల్లాలె. రూం కిరాయిల ఊరికెంత పోయిందో బోర్డు మీద రాయాలె. చెంచు పిల్లగాడు గైడుగనే ఆగిపోవద్దు, బుకింగ్, లెక్కలు, నడిపించుడు సుత ఆయన చేతికి రావాలె.

అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపూర్ తమ్ముళ్లారా, చెల్లెండ్లారా! గీ టూరిజం మీ ఇంటి ముందట పెరుగుతున్నది. రీల్ తీసుడు కాదు, మీ గ్రామసభల లేసి అడుగున్రి: అడవి నుంచి మమ్మల్ని పొమ్మంటే, రమ్మనేది ఎవల్ని?