లీవు లెటరూ, ఎర్ర సిరా

భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో రథం. మా పుట్టిల్లు రాజోలు అవతల. అమ్మ రమ్మంది. అయిదో తరగతి చదివే మావాడికి సెలవు కావాలని నేనే ఇంగ్లీషులో చీటీ రాసిచ్చాను. "వుయ్ ఆర్ గోయింగ్ టు అవుటాఫ్ స్టేషన్, ప్లీజ్ గ్రాంట్ టూ డేస్ లీవ్స్" అని.

సాయంత్రానికి చీటీ తిరిగొచ్చింది. 'అవుటాఫ్ స్టేషన్' కొట్టేసి, పైన ఎర్ర సిరాతో 'వెకేషన్' అని రాసి ఉంది. అంతటితో ఆగినా బాగుండేది. క్లాసులో పైకి చదివి నవ్వించారట. "ఈసారి నాన్నచేత రాయించమ్మా" అన్నాడు మావాడు, బూట్లు విప్పుకుంటూ, నా మొహం చూడకుండా.

నా తప్పులు నేను ఒప్పుకుంటానండీ. 'గోయింగ్' తర్వాత ఆ 'టు' ఉండకూడదు. సెలవు రెండు రోజులైనా ఇరవై రోజులైనా 'లీవే', 'లీవ్స్' కాదు. ప్రయాణమైతే 'టూ డే ట్రిప్', అక్కడ 'డేస్' అనరు. ఇవి దిద్దితే దణ్ణం పెట్టేదాన్ని. విచిత్రం ఏంటంటే, ఇవేవీ దిద్దలేదు!

దిద్దిందల్లా తప్పు కాని మాట. యూల్, బర్నెల్ అని ఇద్దరు దొరలు కూర్చిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు 1886లో అచ్చయింది. జిల్లాలో ఇంగ్లీషు అధికారులు కాపురముండే చోటుని 'స్టేషన్' అంటారని అందులో ఉంది. హిల్ స్టేషన్‌లో ఉన్నదీ ఆ స్టేషనే, రైలుది కాదు. (రైలుదే అయితే మా అమలాపురం వాళ్లు ఎప్పటికీ అవుటాఫ్ స్టేషన్ వెళ్లలేరు. కోటిపల్లి–నరసాపురం లైను పూర్తయితే కదా!) దొరలు పోయారు, మాట మన ఆఫీసుల్లో ఉండిపోయింది. లండన్‌లో చెబితే అర్థం కాకపోవచ్చు, అక్కడ 'అవుటాఫ్ టౌన్' అనాలి. కానీ నేను రాసింది అమలాపురంలో స్కూలుకి.

పోనీ ఆ 'వెకేషన్' అయినా సరైనదా? అది అమెరికా వాళ్ల అలవాటు. ఇంగ్లండులో సరదాగా నాలుగు రోజులు ఎక్కడికైనా వెళితే 'హాలిడే' అంటారు. 'వెకేషన్' అంటే వాళ్లకి ఎక్కువగా కాలేజీలకీ కోర్టులకీ ఇచ్చే సెలవులు. ఏ దేశం లెక్కలో చూసినా, నేను చేసేది వెకేషన్ అవుతుందా చెప్పండి? వెళ్లగానే పది మందికి వంట, తెల్లారి తీర్థం జనంలో పిల్లాడి చెయ్యి వదలకుండా నడక, రాత్రికి అమ్మ కాళ్లు పట్టడం. ఆయన సముద్రం గాలికి కూర్చుంటారు కాబట్టి ఆయనకి వెకేషనే అనుకోండి.

తెలుగులో ఇంత రగడ లేదు. "ఊరెళ్లొస్తాం" అంటాం. వెళ్లడం, మళ్లీ రావడం, రెండూ ఒక్క మాటలోనే.

టీచరుగారూ, మీరు నాకంటే చదువుకున్నవారు. నా ఇంగ్లీషు దిద్దండి, నేర్చుకుంటాను. దిద్దేముందు డిక్షనరీ చూడండి. నన్ను పిలిచి చెప్పండి. వాడి ముందు, వాడి స్నేహితుల ముందు కాదు.

ఆ రాత్రే మళ్లీ రాశాను: "వుయ్ ఆర్ గోయింగ్ టు మై మదర్స్ విలేజ్ ఫర్ అంతర్వేది తీర్థం. ప్లీజ్ గ్రాంట్ మై సన్ టూ డేస్ లీవ్." 'డేస్' చివర కామా గుర్తు కూడా పైన పెట్టాను. మావాడు చదివి, "తీర్థాన్ని ఇంగ్లీషులో ఏమంటారమ్మా?" అన్నాడు.

"తీర్థమే. మార్చకు" అన్నాను.