నకలు నేరమా?

మా కళాశాల వార్షిక చిత్ర ప్రదర్శన నిబంధనలలో "స్వతంత్ర చిత్రములు మాత్రమే స్వీకరింపబడును" అన్న వాక్యం ఒకటి ఉన్నది. ఆ వాక్యం కారణంగా, ఆరు వారాలు శ్రమించి మేము వేసిన తైలవర్ణ చిత్రం ఈ ఏడు గోడకెక్కలేదు. బహుమతి రాలేదన్న చింత మాకు లేదు. చూచి వేయడం విద్య కానేరదన్న భావం ఆ వాక్యంలో దాగి ఉన్నది. దానినే మేము అంగీకరించలేకున్నాము.

మేము ఎంచుకొన్నది డచ్చి చిత్రకారుడు వెర్మీర్ 1660 ప్రాంతంలో వేసిన "పాలు పోసే పనికత్తె". మూలచిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉన్నది. ఎత్తు 45.5, వెడల్పు 41 సెంటీమీటర్లు మాత్రమే. కిటికీ చెంత నిలిచిన స్త్రీ కూజా నుండి గిన్నెలోకి పాలు పోస్తున్నది, ఇంతే విషయం. అచ్చుప్రతిపై గళ్లు గీసి, రేఖలు దించుకొని, ముందు గోధుమరంగుతో వెలుగునీడలు నిలిపి, అది ఆరిన పిదప రంగులు వేశాము. (మా వద్దనున్న రెండు అచ్చుప్రతులలో ఆమె నీలివస్త్రం రెండు రకాల నీలం!)

ముఖమూ చేతులూ కష్టమనుకొన్నాము. తీరా మమ్ము ఓడించినది ఆమె వెనుకనున్న వట్టి గోడ. తెలుపు పూస్తే సున్నం కొట్టినట్లయినది. చూడగా చూడగా తెలిసినది: వెలుగు పడిన భుజం వెనుక గోడ మసకగా, నీడలోని భుజం వెనుక గోడ కాంతిగా ఉన్నది. ఆ మనిషి పటం నుండి ముందుకు వచ్చి నిలుచుటకు సగం కారణం ఆ గోడే. తల వెనుక మొదట కూజాలు తగిలించే కొయ్య ఒకటి ఉండెననీ, వెర్మీరే దానిని కప్పివేసెననీ 2022లో ఆ మ్యూజియం వారి పరిశోధనలో బయటపడినది. గోడతో పది దినాలు పెనగి ఉండకపోతే ఈ వార్త చదివి తల ఊపి ఊరకుండేవారము.

పలకపై ఓనమాలు దిద్దక చదువు నేర్చినవారెవరు? ఉర్దూ విభాగపు మిత్రులనడగండి: ఖుష్‌నవీసీలో ఉస్తాదు వ్రాసిన పంక్తిని శిష్యుడు మరల మరల వ్రాయడాన్ని "మష్క్" అంటారు. రూబెన్స్ 1628-29లో మాడ్రిడ్‌లో ఉండగా, యాభై దాటిన వయస్సులో, టిషియన్ చిత్రాలకు నకళ్లు వేశాడు. అప్పటికే ఆయన యూరపు ప్రఖ్యాతుడు!

ఇతరుల చిత్రాన్ని తనదిగా చెలామణి చేస్తారన్న కమిటీవారి భయం నిరాధారమని మేమనము. అయితే దానికి ఉపాయమున్నది. 1793 నుండీ నకలు వేసేవారికి చోటిచ్చిన పారిస్ లూవ్ర్ మ్యూజియం, నకలు కొలత మూలం కొలతకు సమానంగా ఉండరాదని నియమం పెట్టినది. మనమూ ఆ నియమం పెట్టుకొని, మూలకర్త పేరు పటం క్రింద తప్పక వ్రాయించి, పోటీతో నిమిత్తం లేని "సాధన చిత్రముల" గోడ ఒకటి వచ్చే ఏటికి కేటాయించవలసినదిగా కోరుతున్నాము.

మా పటం ప్రస్తుతం చిత్రలేఖనపు గదిలో, కిటికీ ప్రక్కన ఉన్నది. కమిటీ పెద్దలు ఒకసారి దయచేయగలరు. కుడిచేతి మణికట్టు ఇంకా కుదరలేదు.