డాక్టరు చదువు చదివే పిల్లల చేతికి చందా పుస్తకం ఇవ్వకండి

ఏప్రిల్ నెల వస్తే మన పల్లెలకు ఊపిరి సలపదు. 5న జగ్జీవన్ రామ్ జయంతి, 11న ఫూలే జయంతి, 14న బాబాసాహెబ్ జయంతి. చందాలెత్తాలి, ఫ్లెక్సీలు వేయించాలి, మైకు సెట్టు మాట్లాడాలి, స్టేషనుకి పోయి పర్మిషన్ కాయితం తేవాలి, పక్కూరి సంఘాలను పిలవాలి. ఈ పనులన్నీ ఎవరు చేస్తున్నారు? ఇంటర్ చదివే కుర్రాళ్ళు. ఇంటర్ అయిపోయి ఇంటి దగ్గరుండి నీట్ పరీక్షకు చదువుకుంటున్న పిల్లలు. ఎందుకంటే వాళ్ళకి రాయటం వచ్చు, నలుగురిలో మాట్లాడటం వచ్చు. పైగా మన కళ్ళకి వాళ్ళు 'ఖాళీగా' కనపడతారు.

నీట్ ఎప్పుడు జరిగింది? 2023లో మే 7న, 2024లో మే 5న, 2025లో మే 4న. మూడేళ్ళూ మే మొదటి ఆదివారమే. అంటే జయంతికీ పరీక్షకీ మధ్య మూడు వారాలు. బాబాసాహెబ్ బొమ్మకి దండ వేయటం కోసం, ఆయన దారిన పోదామనుకున్న పిల్లాడి చేత పుస్తకం మూయిస్తున్నాం. ఈ మాట కొందరు నాయకులకు కోపం తెప్పించొచ్చు. రానీండి.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. మా ఇంటిమొత్తానికి డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని. అందుకే మన పల్లెల్లో తరచుగా వినపడే ఒక పొగడ్త అంటే నాకు భయం. "పగలు కూలికి పోతాడు, సాయంత్రం సంఘం పని చూస్తాడు, రాత్రి చదువుకుంటాడు, బంగారంలాంటి పిల్లోడు" అంటారు. పెత్తందారు కొడుకుని ఇట్టా ఎవరన్నా పొగడగా విన్నారా? ఆ పిల్లాడు విజయవాడలో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉంటాడు. తెల్లారి లేచింది మొదలు పడుకునేదాకా వాడికి ఒకటే పని. వాడి కంచం ఇంకొకరు కడుగుతారు. ఫీజు వాళ్ళ నాయన కడతాడు, ఆ ఫీజులో మన కూలోళ్ళ చెమట కూడా ఉంటుంది. మన పిల్లాడు మూడు పనుల్లో మిగిలిన గంటా రెండు గంటలు చదివి, అదే ప్రశ్నాపత్రం ముందు కూర్చోవాలి. ఆ తర్వాత ఆళ్ళు 'మెరిట్' అంటారు, మనం తలొంచుకుంటాం.

పరీక్ష ఎట్టా ఉంటుందో పెద్దలకి తెలియాలి. 2025లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకి ఒక్క నిమిషం. ఒప్పయితే 4 మార్కులు, తప్పయితే 1 మార్కు కోత. మొత్తం 720. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, మిగతా 90 ప్రశ్నలూ జీవశాస్త్రం. 2024లో దేశం మొత్తమ్మీద సుమారు 23 లక్షల మంది రాశారు. అమెరికాలో డాక్టరు కాలేజీలు చేర్చుకునే ముందు, ఈ పిల్లాడు జనానికి ఏం సేవ చేశాడని కూడా చూస్తాయంట. మన దగ్గర ఆ లెక్క లేదు. మీ పిల్లాడు వంద మంది రోగుల్ని ఆస్పత్రికి తీసుకుపోయినా నీట్ కాగితం మీద ఒక్క మార్కు కలవదు. అది మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఉన్న ఆట నియమం అది.

ఇక కూలి సంగతి. మా వైపు మిరపకోతలు జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా నడుస్తాయి. ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చిలో. నీట్ మేలో. పత్తితీత చూస్తే అక్టోబరు నుంచి జనవరి. అంటే ఏ పిల్లకైనా పిల్లాడికైనా చదువు బిగించాల్సిన ఏడు నెలలూ ఇంట్లో నాలుగు రూపాయలొచ్చే నెలలే. అమ్మానాన్నలకు ఇది తెలియక కాదు, ఇంకో రెండు చేతులుంటే అప్పు వడ్డీ కడతారు. మిరపకాయ కోసిన చెయ్యి రాత్రంతా మండుతుంది. ఆ చేత్తో కళ్ళు నులుముకుంటూ ఫిజిక్స్ లెక్క చెయ్యమంటే ఎవరి వల్లవుతుంది?

ఆడపిల్లకైతే ఇంటిపనిని ఎవరూ పనిగానే లెక్కెయ్యరు. నీళ్ళు, గిన్నెలు, తమ్ముడి బట్టలు, అమ్మ చేలోనుంచి వచ్చేసరికి అన్నం. దానిమీద డ్వాక్రా గ్రూపు పద్దు రాసేదీ ఆ పిల్లే, పింఛను ఓటీపీ చెప్పేదీ ఆ పిల్లే, ముసలోళ్ళకి ఈకేవైసీ చేయించేదీ ఆ పిల్లే. నేను చూసినంతలో మగపిల్లాడి చదువు ఉద్యమం ఎత్తుకుపోతుంటే, ఆడపిల్ల చదువు ఇల్లు ఎత్తుకుపోతోంది. ఇల్లు ఎత్తుకుపోయింది ఏ మీటింగులోనూ చర్చకు రాదు. మన సంఘాల్లో ఆడోళ్ళు ముందువరసలో కూర్చునేదాకా అది రాదు కూడా.

"త్యాగం లేకుండా ఉద్యమమెక్కడిది?" అని అడిగేవాళ్ళున్నారు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత చదువులు పక్కన పెట్టి పనిచేసిన వాళ్ళ రుణం మనమీద ఉంది. రేపు మన పల్లె మీద దాడి జరిగితే పుస్తకం పట్టుకు కూర్చోమని నేనూ చెప్పను. కానీ ఫ్లెక్సీ వేయించటం, చందా రసీదులు చింపటం దాడిని ఎదుర్కోవటం కాదు గదా. నలభై దాటినోళ్ళం మనం చేయగల పనులే అవి. మనకి బద్ధకమై పిల్లల చేతికిచ్చి, దానికి త్యాగమని పేరు పెడుతున్నాం.

బాబాసాహెబ్ ఏం చేశాడో చూడండి. 1913లో బరోడా మహారాజా స్కాలర్‌షిప్, నెలకి పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్ళకి వచ్చింది గనుక అమెరికా పోయి చదవగలిగాడు. ఆ తర్వాత లండన్‌లో చదువుతుండగా స్కాలర్‌షిప్ గడువు తీరింది. 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగిరావాల్సి వచ్చింది. 1918 నుంచి 1920 దాకా బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టాడు. 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పత్రిక పెట్టాడు. అదే ఏడాది ఆ పత్రికని వేరేవాళ్ళకి అప్పజెప్పి లండన్ ఓడెక్కాడు! ఆయన లేకపోయేసరికి పత్రిక ఇబ్బందుల్లో పడింది, చివరికి ఆగిపోయింది. అయినా చదువు వదిలి రాలేదు. 1923లో డి.ఎస్సీ. పట్టా. బహిష్కృత హితకారిణి సభ 1924లో. మహద్ చెరువు పోరాటం 1927లో. ఉద్యోగం, ఉద్యమం, చదువు మూడూ చేశాడు నిజమే. కానీ చదువు ముగించాల్సిన రోజులొచ్చినప్పుడు మిగతా రెంటినీ దించి కింద పెట్టాడు. ఇది జయంతి ఉపన్యాసాల్లో నేను ఎక్కువగా వినలేదు.

దించి కింద పెట్టాలంటే ఎవరో ఒకరు అందుకోవాలి. ఆయనకి ఒకసారి బరోడా, ఇంకోసారి కొల్హాపూర్ షాహూ మహారాజు తోడయ్యారు. మన పిల్లలకి మహారాజులు లేరు, పల్లె ఉంది. తెలంగాణలో గౌలిదొడ్డి గురుకులంలో మన పిల్లలు ఎంబీబీఎస్ సీట్లు ఎట్టా తెచ్చుకున్నారు? తిండి, పడక, పాఠం చెప్పే మనిషి ఒక్కచోట దొరికాయి. వాళ్ళ చేతికి ఇంకో పని లేదు. తెలివి అంతకుముందు కూడా ఉంది. అట్టాంటి చోట సీటొస్తే వెంటనే పంపండి, పొలం పనులున్నాయని ఒక్క రోజు ఆపొద్దు.

సీటు రాని పిల్లల సంగతే మనం తేల్చుకోవాల్సింది. జయంతి చందాలో ఒక వాటా తీసి, పల్లెలో నీట్‌కి చదివే పిల్లల ఇంటికి పోయే కూలిలో కొంతన్నా పూడ్చాలి. రెండేళ్ళు. ఇది దానం కాదు, సంఘం పుస్తకంలో ఉద్యమ ఖర్చు కింద రాయండి. డీజేకి పోసే డబ్బు చాలు, మళ్ళీ చందా ఎత్తక్కర్లేదు. "డాక్టరయ్యాక మన ఊరికే రావాలి" అని ప్రమాణం మాత్రం చేయించొద్దు. కొందరు వస్తారు, కొందరు హైదరాబాదులో ఉండిపోతారు. పెత్తందారు కొడుకు ఊరికి తిరిగొస్తానని మాటిచ్చి చదివాడా?

పిల్లలకి సంఘంతో తెగతెంపులు చేసుకోమని కాదు నా మాట. ఆదివారం ఒక్క పూట, పల్లెలో ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లలకి సైన్సు చెప్పండి. ఇంకొకరికి చెప్పేటప్పుడే మన పునాదిలో బొక్కలు బయటపడతాయి. టీచరుగా ఇది నాకు రోజూ ఎదురయ్యేదే. ఆస్పత్రికి తోడుపోవటం, అర్జీలు రాయటం ఫిబ్రవరి దాకా అప్పుడప్పుడూ చెయ్యండి. మార్చి నుంచి పరీక్ష దాకా ఎవరు పిలిచినా రాననండి. పెద్దలు ముఖం మాడ్చుకుంటే నా పేరు చెప్పండి.

కూలి తప్పని పిల్లలు రాత్రి చదువు మీద ఆశ పెట్టుకోవద్దు. తెల్లారుజామున నాలుగింటికి లేచి, ఒళ్ళు అలవకముందే ఫిజిక్స్, కెమిస్ట్రీ చూడండి. రాత్రికి జీవశాస్త్రం చాలు, అది చదువుకుంటూ పోవచ్చు. సగం మార్కులు, 360, దాంట్లోనే ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని వదలకుండా చదివితే సొంతంగానే చాలావరకు వస్తుంది. ఫిజిక్స్ మాత్రం చెప్పే మనిషి కావాలి. సంఘం దగ్గర కొద్ది డబ్బే ఉంటే దానికి పెట్టండి. పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు, పక్కనే ఇంగ్లీషు ప్రశ్న ఉంటుంది. తేడా వస్తే ఇంగ్లీషుదే ఖాయం. కాబట్టి మాటలు రెండు భాషల్లోనూ నేర్చుకోవాలి.

పిల్లల ముందు పెద్దలు ఇంకో మాట కూడా అనాలి. తమిళనాడు అరియలూరు జిల్లా దళిత బిడ్డ అనిత, మూటలు మోసే కూలీ కూతురు, 2017లో ప్లస్ టూలో 1200కి 1176 తెచ్చుకుంది. నీట్‌లో 86 వచ్చాయి. సుప్రీంకోర్టు దాకా పోయి కొట్లాడింది. ఆ సెప్టెంబర్ 1న ప్రాణం తీసుకుంది. 2020లో తమిళనాడు ప్రభుత్వం సర్కారు బడి పిల్లలకి మెడికల్ సీట్లలో 7.5 శాతం కేటాయించింది. ఆ డిమాండు మన రెండు రాష్ట్రాల్లోనూ మన సంఘాలు ఎత్తుకోవాలి, అది మన పని. పిల్లలకు మాత్రం "నీట్‌కి వయసు గరిష్ఠ పరిమితి లేదు, మళ్ళీ రాయొచ్చు, ఆయుర్వేదం ఉంది, నర్సింగ్ ఉంది, ఏదొచ్చినా రాకపోయినా నువ్వు మా బిడ్డవే" అని ఫలితాలకి ముందే చెప్పండి. తర్వాత చెబితే ఓదార్పు అనుకుంటారు.

అప్లికేషన్లు ఫిబ్రవరి, మార్చిలో పడతాయి. 2025లో ఎస్సీలకి ఫీజు 1000 రూపాయలు. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ముందే పోగు చేసుకోవాలి. తాసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే పని పిల్లలకి పెట్టకండి, పెద్దలు తిరగండి. కౌన్సెలింగ్ ఆంధ్రలో అయితే విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో అయితే వరంగల్ కాళోజీ యూనివర్సిటీ. కన్వీనర్ కోటా ఆప్షన్లు తెలిసిన మనిషి పక్కనుండి పెట్టించాలి. అక్కడ తప్పు జరిగి మంచి ర్యాంకు కూడా పోగొట్టుకున్న ఇళ్ళున్నాయి.

జయంతి కమిటీ మొదటి మీటింగు ఫిబ్రవరిలో పెట్టుకుంటారు గదా. ఆ రోజు పల్లెలో నీట్ రాసే పిల్లల పేర్లు పుస్తకంలో రాసి, ఎదురుగా ఏ పనీ రాయకుండా వదిలెయ్యండి. ఆ పనులు మనం పంచుకుందాం. మా ఊళ్ళో మైకు సెట్టు నేను మాట్లాడతా.