గృహవిజ్ఞానము: ఒకే పేరుగల రెండు వైఫై పెట్టెలు



మా యింట క్రింది హాలులో నొకటి, మేడమీద నొకటి వైఫై పెట్టెలు గలవు. రెండింటికిని ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు పెట్టితిమి. గత మాసమున మా అమ్మాయి మేడమీది పెట్టె ప్రక్కనే కూర్చుండి కంప్యూటరుపై పరీక్ష వ్రాయుచుండగా మూడు మారులు సంబంధము తెగిపోయెను. పిల్ల కంట నీరు పెట్టుకొనెను. పిదప విచారింపగా, ఉదయము హాలులో తెరచిన కంప్యూటరు మేడ యెక్కిన తరువాతను క్రింది పెట్టెనే అంటిపెట్టుకొని యున్నదని తేలినది.

తెరపై గనబడు పేరు ఇంటిపేరు వంటిది. దానినిబట్టి మనిషిని గుర్తింపలేము. ఏ పెట్టెతో కలియవలెనో సాధారణముగా కంప్యూటరే నిర్ణయించుకొనును. కొన్ని యంత్రములు, పాత సంబంధము మిక్కిలి క్షీణించువరకు దానిని విడువవు.

పెట్టెను తెలుపునది బీఎస్ఎస్ఐడీ యను గుర్తు. ఇందు 12 స్థానములుండును. 0 మొదలు 9 వరకు అంకెలును, ఏ మొదలు ఎఫ్ వరకు ఆంగ్లాక్షరములును వచ్చును.

విండోసు కంప్యూటరునందు కమాండ్ ప్రాంప్టు తెరచి, ‘నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్’ అని ఆంగ్లమున వ్రాసి ఎంటరు మీట నొక్కవలెను. మొదటి మాటకు ఎన్, ఈ, టీ, ఎస్, హెచ్ అనియు, రెండవదానికి డబ్ల్యూ, ఎల్, ఏ, ఎన్ అనియు అక్షరములు. క్రొత్త విండోసు 11 నందు లొకేషను అనుమతి యీయనిచో నిది కనబడదు. మాక్ కంప్యూటరునందు ఆప్షను మీటను పట్టియుంచి, తెరపైభాగముననున్న వైఫై చిహ్నమును నొక్కిన చాలును.

ఏ గుర్తు ఏ పెట్టెదో తెలిసికొనుటకు ఒక పెట్టె నార్పి, రెండవదానితో కంప్యూటరును కలిపి, కనబడిన గుర్తును కాగితముపై వ్రాసి ఆ పెట్టెకే అంటింపుడు. పిదప రెండవ దానికిని అట్లే చేయుడు. 2.4, 5 గిగాహెర్ట్జ్ అను రెండు తరంగములను పంపు పెట్టెకు రెండు గుర్తులుండును, రెండును వ్రాసికొనవలెను. పెట్టె అడుగున ముద్రించిన సంఖ్యను మాత్రము నమ్మి యుండరాదు. చివరి అక్షరములు భేదింపవచ్చును.

కంప్యూటరు దూరపు పెట్టెతో కలిసియున్నట్లు తేలినచో, వైఫైని ఒకమారు ఆపి మరల తెరువుడు. తరచుగా దగ్గరి పెట్టెతోనే కలియును. కలిసినదో లేదో ఆ గుర్తునే మరల చూచి నిశ్చయించుకొనుడు.

పిల్లలు పరీక్షకు వెళ్లునపుడు కలము, సిరా చూచి పంపుట మన పెద్దల యలవాటు. ఇంటనే వ్రాయు పరీక్షకు ముందు ఈ గుర్తును చూచుటయు నట్టిదే.